విల్లా గేటు మీద నేను రాసిన పేరు

ఇరవై ఏడేళ్ళు సౌదీలో పనిచేసి ఏం నేర్చుకున్నావయ్యా అని ఎవరైనా అడిగితే, మనుషులకు గదులు పంచడం నేర్చుకున్నానని చెబుతాను. నవ్వకండి తమ్ముళ్ళూ. అదేమీ చిన్న విద్య కాదు. జగిత్యాల నుంచి ఏసీ హెల్పర్‌గా వెళ్ళినవాణ్ణి, చివరి పన్నెండేళ్ళూ అల్ ఖోబార్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీకి క్యాంప్ బాస్‌గా ఉన్నాను. పేరులో బాస్ ఉంది కదా అని మోసపోకండి. ఎవరి ఏసీ కారుతోంది, నీళ్ళ ట్యాంకర్ ఎందుకు రాలేదు, ఎవరి ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, గడువు అయిపోతోంది, పప్పులో ఉప్పు ఎందుకు ఎక్కువైంది, అన్నిటికీ తిట్లు తినేవాడే క్యాంప్ బాస్.

నాకొక సూత్రం ఉండేది. ఒకచోటివాళ్ళను ఒకచోట పెట్టు, తలనొప్పి ఉండదు. పాకిస్తానీలకు ఒక వరుస, బంగ్లాదేశీలకు ఒక వరుస, ఫిలిప్పీన్ వాళ్ళకు ఒక వరుస. మనవాళ్ళను మాత్రం మళ్ళీ రెండుగా విడగొట్టాల్సి వచ్చేది. రాష్ట్రం విడిపోకముందు నుంచీ కరీంనగర్ గదులు వేరు, గోదావరి గదులు వేరు. పులుసులో బెల్లం వెయ్యాలా వద్దా అన్నదే అక్కడ పెద్ద రాజకీయం. ఈ సూత్రంతో ఎన్నో ఏళ్ళు నెట్టుకొచ్చాను. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టేవాణ్ణని నా గురించి నాకే గట్టి నమ్మకం.

2022 మొదట్లో సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే ఒక ప్లాంటులో మా కంపెనీకి పెద్ద షట్‌డౌన్ పని దొరికింది. షట్‌డౌన్ అంటే ప్లాంటు ఆపేసి మరమ్మతులు చెయ్యడం. అన్ని రోజులూ ఎవరికీ సెలవు ఉండదు, తల్లి చచ్చినా పెళ్ళి వచ్చినా అంతే. దానికోసం ఏడాది ఒప్పందం మీద ఇద్దరు నిపుణులు వచ్చారు. ఒకాయన పోలెండ్ నుంచి వచ్చిన టర్బైన్ ఇంజనీరు. నలభై దాటిన మనిషి, పొడుగు, చొక్కా మడత నలగనివ్వడు. రెండో ఆయన ఉక్రెయిన్ నుంచి వచ్చిన వెల్డింగ్ ఇన్‌స్పెక్టరు. యాభైకి దగ్గరపడినవాడు, మాట తక్కువ, టీ ఎక్కువ. పాస్‌పోర్టులు చూశాను. ఇద్దరూ తెల్లవాళ్ళు, ఇద్దరి పేర్లూ నోరు తిరగనివి, ఇద్దరి దేశాలూ పక్కపక్కనే. ఇంకేం కావాలి? అల్ అజీజియాలో మాకున్న చిన్న విల్లాలో ఇద్దరినీ పెట్టేశాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. బస్సు డ్రైవర్లు ఇల్లు వెతుక్కుంటారని ఒక కాగితం మీద ఇంగ్లీషులో, అరబీలో ‘రష్యా విల్లా’ అని పెద్ద అక్షరాలతో రాయించి, లామినేషన్ చేయించి గేటుకు కట్టాను. మా లెక్కలో అటువైపు అంతా రష్యానే.

మర్నాడు పొద్దున ఇద్దరూ కలిసి నా ఆఫీసుకు వచ్చారు. అప్పటిదాకా ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడగా ఎవరూ చూడలేదు. పోలెండ్ ఆయన ఆ కాగితాన్ని నా బల్ల మీద పెట్టాడు. అప్పటికే విప్పి తెచ్చేశాడు.

“ఇది మళ్ళీ కట్టొద్దు,” అన్నాడు.

“డ్రైవర్ల కోసం సార్. అడ్రసు గుర్తుకు.”

“డ్రైవర్లకు నంబరు చెప్పు,” అన్నాడు ఉక్రెయిన్ ఆయన.

మా మధ్య నడిచేది ముక్కల ఇంగ్లీషు. దాన్ని ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. ఆ పూట పోలెండ్ ఆయన నాకు చిన్న పాఠం చెప్పాడు. వాళ్ళ దేశం నూట ఇరవై మూడేళ్ళపాటు పటంలోనే లేదట. చుట్టూ ఉన్న మూడు రాజ్యాలు పంచుకున్నాయట, అందులో పెద్ద ముక్క రష్యాది. “ఇంటి పేరు రాయాల్సిన చోట దొంగ పేరు రాశావు,” అన్నాడు. ఉక్రెయిన్ ఆయన తల ఊపాడు. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడింది అదే మొదటిసారి. ఆ పుణ్యం నాదే.

సాయంత్రం పోలెండ్ ఆయన ఒక్కడే మళ్ళీ వచ్చి వేరే గది అడిగాడు.

“ఏమైంది సార్? గొడవ పడ్డారా?”

“లేదు. ఏ ఊరని అడిగాను. చెప్పాడు. నాకు వేరే గది కావాలి.”

గదులు లేవన్నాను. నిజంగానే లేవు. కానీ ఉన్నా ఇచ్చేవాణ్ణి కాదేమో. తెల్లవాళ్ళకు ఇన్ని అలకలేమిటని నాకు లోపల చిరాకు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు మరి.

ఆ విల్లాలో వంటకు రాజోలు మనిషిని పెట్టాను. నాకంటే నాలుగేళ్ళు చిన్న. చేతిరుచి మంచిది, నోటిజోరు ఇంకా మంచిది. నెల తిరక్కుండానే నాకు రిపోర్టు తెచ్చాడు.

“ఏటండీ బాబూ ఈళ్ళ యవ్వారం? ఫ్రిజ్జులో పై అర ఈయనది, కింది అర ఆయనది. ఈయన తింటుంటే ఆయన రాడు, ఆయనొచ్చాడంటే ఈయన లేచిపోతాడు. రెండు పూటలా రెండేసి సార్లు వడ్డించలేక చస్తన్నానండీ.”

“నువ్వూ నేనూ ఉంటలేమా ఒక్క దగ్గర?” అన్నాను. “వచ్చే శుక్రవారం ఇద్దర్నీ కూసోబెట్టి తినిపిద్దాం. నేను మాట్లాడ్త.”

కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. ఆ శుక్రవారం నేనే కత్తిపీటను. ఉక్రెయిన్ ఆయన్ని అడిగి వాళ్ళ వంటకం ఒకటి చేయించాను. మైదా పిండిలో బంగాళదుంప కూరి, అంచులు నొక్కి, నీళ్ళలో ఉడికిస్తారు. “ఓస్, కజ్జికాయలండీ! నూనెలో ఎయ్యడం మర్సిపోయినట్టున్నారు,” అన్నాడు రాజోలు ఆయన. పోలెండ్ ఆయన చూసి, ఇది మా వంటకం కూడా అన్నాడు. రెండు తిన్నాడు. పర్వాలేదు, దారిలో పడుతోందని నాకు హుషారు పుట్టి ఉపన్యాసం మొదలుపెట్టాను. మాదీ ఒకప్పుడు ఒకటే రాష్ట్రం, కొట్లాడుకున్నాం, విడిపోయాం, చూడండి, నేనూ ఈ వంటాయనా ఎలా ఉన్నామో అని.

రాజోలు ఆయన అందుకున్నాడు. విడిపోయేటప్పుడు భద్రాచలం పక్క ఏడు మండలాలు తెలంగాణ నుంచి ఆంధ్రకు వెళ్ళిన సంగతి తనకొచ్చిన ఇంగ్లీషులో చేతులు తిప్పుతూ చెప్పాడు. “సేమ్ సేమ్ సార్. బోర్డర్ గో, బోర్డర్ కమ్.”

పోలెండ్ ఆయన శ్రద్ధగా విన్నాడు. తర్వాత నన్ను అడిగాడు.

“ఆ ఏడు చోట్ల ఇళ్ళలో ఉన్నవాళ్ళు ఏమయ్యారు?”

“ఏమవుతారు సార్? అక్కడే ఉన్నారు. ఆఫీసుల మీద బోర్డులు మారినయి, అంతే.”

“మా అమ్మమ్మ ఊళ్ళో ఎవరూ మిగల్లేదు,” అన్నాడాయన.

గొంతు పెంచలేదు. పాఠం చెప్పినట్టే చెప్పాడు. వోలిన్ అని ఒక ప్రాంతం, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పోలెండ్‌లో ఉండేది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. యుద్ధం మధ్యలో, జర్మన్లు పాలిస్తుండగా, ఉక్రెయిన్ జాతీయవాదుల దళాలు అక్కడి పోలిష్ ఊళ్ళ మీద పడ్డాయి. అమ్మమ్మకు అప్పుడు ఎనిమిదేళ్ళు. చేలో పడుకుని బతికింది. తెల్లారి లేచి చూస్తే ఊరు లేదు. ఆ ఊరి పేరు చెప్పాడు. ఉక్రెయిన్ ఆయన్ని చూపించి, “ఈయన పుట్టింది ఆ పక్కనే,” అన్నాడు.

ఉక్రెయిన్ ఆయన చెంచా కింద పెట్టాడు. తన పళ్ళెం తనే కడిగి బోర్లించి బయటికి వెళ్ళిపోయాడు. నేను పోల్చిన పోలిక తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు సిగ్గేస్తుంది. తెలిసిన తగాదాతో తెలియని దుఃఖాన్ని కొలవకూడదని ఆ రోజు తెలిసింది.

మర్నాడు బస్సు కోసం నిలబడినప్పుడు ఉక్రెయిన్ ఆయన తనంతట తానే మాట్లాడాడు. “ఆయన చెప్పింది నిజం. చెప్పనిది కూడా ఉంది. ఆ యుద్ధానికి ముందు పాలించింది వాళ్ళు. భూములు వాళ్ళవి, బడిలో భాష వాళ్ళది. ఇప్పటి సరిహద్దుకు అవతల మా చర్చిలు కూలగొట్టారు. మా ఊళ్ళూ తగలబడ్డాయి. యుద్ధం అయ్యాక అటుపక్క మిగిలిన మావాళ్ళను రైళ్ళకెక్కించి దేశమంతా చెల్లాచెదురు చేశారు.” బస్సు వచ్చే దారివైపు తిరిగి, “కానీ ఎనిమిదేళ్ళ పిల్ల ఇవేవీ చెయ్యలేదు,” అన్నాడు. అంతలో బస్సు వచ్చింది.

ఇక నా తప్పు దగ్గరికి వస్తున్నాను. గేటు మీద కాగితం పొరపాటు. ఇది తప్పు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఉక్రెయిన్ ఆయన ఎగ్జిట్ రీ-ఎంట్రీ ఫారం నింపి నా చేతిలో పెట్టాడు. దేశం దాటి మళ్ళీ రావాలంటే ఆ కాగితం మీద కంపెనీ సరే అనాలి. “రష్యా సైన్యం సరిహద్దులో ఉంది. అమ్మ ఒక్కతే ఉంది. డెబ్భై ఒక్క ఏళ్ళు. వెళ్ళి ఎక్కడైనా దించి వారంలో వస్తాను,” అన్నాడు. షట్‌డౌన్‌లో సెలవులు అడిగితే మేనేజరు నన్ను తిడతాడు. పైగా టీవీలో ఎవరో ఏమీ జరగదంటున్నారు. “ఇరుగుపొరుగు బెదిరింపులు సార్, యుద్ధం ఎక్కడ వస్తుంది?” అని ధైర్యం చెప్పి, ఫారం సొరుగులో వేశాను. పంపానని చెప్పలేదు, పంపలేదనీ చెప్పలేదు. ఆయన మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ చూస్తున్నామన్నాను. ఆఫీసుల్లో చూస్తున్నామంటే ఏమిటో మీకు తెలుసు.

ఇరవై నాలుగో తేదీ, గురువారం యుద్ధం మొదలైంది.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక విల్లాకు వెళ్ళాను. ఉక్రెయిన్ ఆయన వంటింటి బల్ల దగ్గర ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. తల్లి ముందు రోజే బస్సెక్కి, అది ఆగిపోతే నడిచి, సరిహద్దు దగ్గర వరుసలో నిలబడిందట. మంచు. అవతల ఎవరూ తెలిసినవాళ్ళు లేరు. దాటితే ఎక్కడికి వెళ్ళాలో తెలియదు, వెనక్కి వెళ్ళమంటే బలం లేదు. “పొద్దున్నించి టీ నీళ్ళు తప్ప ముట్టలేదండీ ఆయన,” అని రాజోలు ఆయన నా చెవిలో చెప్పాడు. సొరుగులో ఉన్న ఫారం నా గుండెల మీద ఉన్నట్టుంది.

మేడ మీదికి వెళ్ళి పోలెండ్ ఆయన తలుపు తట్టాను.

“సార్, మీ ఇల్లు సరిహద్దుకు దగ్గరే కదా.”

“గంట దూరం,” అన్నాడు. నేను ఎందుకు వచ్చానో అడగలేదు. “నిన్నటి నుంచి అదే ఆలోచిస్తున్నాను. కానీ ఇల్లు నాది కాదు. మా అమ్మమ్మది. చెల్లెలు కూడా ఆమె దగ్గరే ఉంటుంది.”

“అడగండి సార్.”

“అడుగుతాను. కాదంటే? వోలిన్ నుంచి వచ్చిన మనిషిని తన ఇంట్లో పడుకోనివ్వనంటే, అది ఆమె హక్కు. ఆ మాట నేను కిందికి వెళ్ళి అతనికి చెప్పాలా?”

“నేను చెప్తాను సార్. చెడ్డ కబుర్లు చెప్పడానికే కంపెనీ నాకు జీతమిస్తోంది.”

“అతని ఎదురుగానే అడుగుతాను,” అని లేచాడు.

వంటింట్లో బల్లకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. పోలెండ్ ఆయన ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు ఆ సాయంత్రమే విడమరిచి చెప్పాడు, అందుకే మాట మాట రాయగలుగుతున్నాను. మొదట ఆయన తమ భాషలో విషయం చెప్పాడు. అవతలినుంచి ముసలావిడ గొంతు, కొంచెం బొంగురుగా, “అతనికి ఫోనివ్వు,” అంది.

ఆ తర్వాత ఆవిడ మాట్లాడిన మాటకు పోలెండ్ ఆయన ముఖం పాలిపోయింది. ఆవిడ ఉక్రెయిన్ భాషలో మాట్లాడుతోంది. అది వాళ్ళ భాషకు దగ్గరిదే, వింటే ఆయనకు అర్థమవుతుందట. ఆ భాష అమ్మమ్మకు వచ్చని ఆయనకు తెలియదు. పుట్టి బుద్ధెరిగాక ఇంట్లో ఒక్కసారి కూడా వినలేదట. పక్కింటి పిల్లలతో ఆడుకుని నేర్చుకున్న భాషను దాదాపు ఎనభై ఏళ్ళపాటు నోట్లోంచి బయటికి రానివ్వలేదు ఆ తల్లి.

“ఏ ఊరు నాయనా మీది?”

అతను చెప్పాడు.

“అయితే మా ఊరు నీకు తెలిసుండాలి. ఇప్పుడక్కడ ఏముంది?”

రాజోలు ఆయన పొయ్యి ఆపేశాడు. తెలియదని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. ఎవరు చూడొచ్చారు? అతని రెండో చేతిలో తన ఫోను ఉంది, తల్లి ఎప్పుడు పిలుస్తుందోనని. దానివంక ఒకసారి చూశాడు.

“పొలం, అమ్మా,” అన్నాడు. “చక్కెర దుంపలు వేస్తారు. ఇళ్ళు లేవు. చర్చి లేదు. మా నాన్న ట్రాక్టరు నడిపింది ఆ పొలంలోనే. చిన్నప్పుడు మమ్మల్ని అక్కడ ఆడుకోనిచ్చేవాళ్ళు కాదు. ఎందుకని ఎవరూ చెప్పలేదు. కానీ ఊళ్ళో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.”

పోలెండ్ ఆయన రెండు చేతులూ బల్ల మీద పరిచి వాటినే చూస్తున్నాడు.

చివరికి ఆవిడ అడిగింది. “మీ అమ్మ మెట్లెక్కగలదా?”

“ఏమిటమ్మా?”

“కింది గది చల్లగా ఉంటుంది. పై గదికి స్టవ్ ఉంది. మెట్లెక్కగలదా అని.”

అతను ఎక్కగలదన్నట్టు తల ఊపాడు. ఫోనుకు తల ఊపితే ఏం కనిపిస్తుంది? పోలెండ్ ఆయనే తమ భాషలో, ఎక్కగలదు అమ్మమ్మా అని చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

చెల్లెలి భర్త వెంటనే కారేసుకుని వెళ్ళి ఆ రాత్రంతా సరిహద్దు దగ్గరే కాపలా కాశాడు. శనివారం మధ్యాహ్నానికి ముసలమ్మ ఆ ఇంటి పై గదిలో ఉంది.

ఆదివారం పొద్దున ఫారం తీసుకెళ్ళి ఉక్రెయిన్ ఆయన చేతికిచ్చి, ఇది పంపలేదని ఒప్పుకున్నాను. చదివినట్టుగా దాన్ని అటూ ఇటూ తిప్పాడు. “పంపి ఉంటే ఇప్పుడు లోపల ఉండేవాణ్ణి. అరవై ఏళ్ళలోపు మగవాళ్ళను బయటికి రానివ్వడం లేదు. కానీ అమ్మ పక్కన ఉండేవాణ్ణి. ఆ చలిలో ఒక్కతే నడిచేది కాదు. ఏది మంచిదో నాకు తెలియదు,” అన్నాడు. తర్వాత ఫారాన్ని నాకే తిరిగిచ్చి, “నువ్వు మాత్రం పంపాల్సింది,” అన్నాడు.

చూడబోతే నా బద్ధకం వల్ల మేలే జరిగిందిగా అని తర్వాత కొందరు మిత్రులు సర్దిచెప్పారు. వాళ్ళ మాట నేను తీసుకోలేదు, మీరూ తీసుకోకండి. ఇవాళ మీలో ఎవరైనా అలాంటి కుర్చీలో కూర్చుని ఉంటే, ఎదుటివాడి కాగితం మీ సొరుగులో పెట్టుకోకండి. అవుననో కాదనో పైవాణ్ణి చెప్పనివ్వండి.

ఆ ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యారని రాస్తే మీకు బాగుంటుంది. కాలేదు. ఫ్రిజ్జులో పై అర, కింది అర అలాగే ఉన్నాయి. ఉక్రెయిన్‌లో ఆ పాత దళాల నాయకుడి విగ్రహాన్ని గురించి వార్త వస్తే, పోలెండ్ ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోవడం కూడా అప్పటికి మరో రకంగా ఉండేది, అంతే. షట్‌డౌన్ అయ్యాక ఉక్రెయిన్ ఆయన సెలవు మీద వెళ్ళి తల్లి దగ్గర వారం ఉన్నాడు. అక్కడ ఇతను పడుకున్నది పోలెండ్ ఆయన చిన్నప్పటి మంచం మీదట. మంచం పొట్టిది, కాళ్ళు బయటికొస్తాయని వచ్చాక ఫిర్యాదు చేశాడు. “నాకూ వచ్చేవి,” అన్నాడు పోలెండ్ ఆయన.

వాళ్ళ ప్రాంతం కొంచెం నెమ్మదించాక, ఎండాకాలం చివర్లో ఆ తల్లి తన ఇంటికి తిరిగి వెళ్ళిపోయింది. ఎంత చెప్పినా వినలేదట. కోళ్ళున్నాయంది.

నవంబరు మొదట్లో పోలెండ్ వాళ్ళు చనిపోయినవాళ్ళ సమాధుల దగ్గర దీపాలు పెడతారు. ఆ రోజు నేను విల్లాకు వెళ్ళేసరికి పోలెండ్ ఆయన వంటింట్లో ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను పిలిచి చూపించాడు. దున్నిన పొలం, దాని గట్టు మీద ఎర్ర గాజు కుప్పెలో ఒక చిన్న దీపం. ఉక్రెయిన్ తల్లి పెట్టి, ఫోటో తీసి, అమ్మమ్మకు పంపింది.

“అమ్మమ్మ చూసిందా సార్? ఏమంది?”

“ఒకటేనా అంది,” అన్నాడు. “పోయినవాళ్ళు పదకొండు మంది అంది.”

ఉక్రెయిన్ ఆయన అప్పుడు సింకు దగ్గర పళ్ళెం కడుగుతున్నాడు. కొళాయి కట్టేశాడు. చేతులు తుడుచుకుని వచ్చి, గోడకు గుచ్చి ఉన్న మా మెస్ మెనూ కాగితం పీకి, వెనక్కి తిప్పి బల్ల మీద పరిచాడు.

“పేర్లు చెప్పమను,” అన్నాడు.

పోలెండ్ ఆయన ఫోను కలిపాడు. ఆవిడ ఒక్కో పేరు చెబుతుంటే ఇతను తన లిపిలో ఒక్కోటీ రాసుకుంటూ పోయాడు. తండ్రి, తల్లి, ఇద్దరు అన్నలు, అత్త, అత్త పిల్లలు. పది దాకా రాశాడు. పదకొండు అంకె వేసి ఆగాడు. అవతల ముసలావిడ ఏదో చెప్పింది.

“దానికి పేరు లేదు. పుట్టి ఆరు రోజులే అయింది,” అని పోలెండ్ ఆయన మాకు చెప్పాడు. “పేరు పెట్టించడానికి ఇంకా చర్చికి తీసుకెళ్ళలేదు.”

పదకొండు పక్కన ‘పాప’ అని రాసి, ఆ కాగితాన్ని ఫోటో తీసి ఉక్రెయిన్ ఆయన తన తల్లికి పంపాడు. పావుగంటకు జవాబు వచ్చింది. యుద్ధం కదా, ఊరి దుకాణంలో దీపాలు ఏడే ఉన్నాయి, తక్కినవి రేపు బస్సులో టౌనుకు వెళ్ళి తెస్తాను, ఈ పూటకు ఎవరెవరికి పెట్టాలో పెద్దామెను అడిగి చెప్పు, అని.

పోలెండ్ ఆయన ఫోనులో ఆ మాట చెప్పాడు. ఆవిడ ఆలోచించలేదు.

“ముందు పాపకు పెట్టమను,” అంది.